కరిగిన సిలువ

బేతంచెర్ల స్టేషన్ రోడ్డులో ఓబుళేశు కొట్టంటే చుట్టుపక్కల పల్లెలకు నమ్మకం. తెగిన గొలుసు, ఊడిన కమ్మ, విరిగిన కాలిపట్టీ, ఏది తీసుకుపోయినా అతుకు ఎక్కడ పడిందో వెతుక్కోవాల్సిందే అనేవాళ్ళు. పెద్ద కొట్లలో గ్యాస్ గన్నులూ లేజర్ మిషన్లూ వచ్చినా, పాత నగను బాగుచేయించుకోవాలంటే మాత్రం జనం ఓబుళేశు దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ అతుకులు వేసేది ఓబుళేశు కాదని ఎవరికీ తెలియదు.

కొన్నేళ్ళ కిందట అతని కుడిచేతికి వణుకు పట్టుకుంది. మొదట్లో కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు మాత్రమే కనబడేది. తరవాత సంతకం పెట్టాలన్నా కష్టమైంది. కర్నూల్లో డాక్టరు చూసి మాత్రలు రాసిచ్చాడు. పూర్తిగా తగ్గేది కాదనీ, పెరగకుండా చూసుకోవాలనీ చెప్పాడు.

వణికే చేత్తో సుత్తి కొట్టొచ్చు. తూకం వేయొచ్చు. ఆకురాయితో రుద్దడం కూడా ఎట్లాగో నెట్టుకురావచ్చు. మాటు వేయడం, అంటే విరిగినదాన్ని అతకడం, మాత్రం సాగదు. నగను అతికే పొడి కూడా బంగారమే. దాంట్లో కాస్త వెండీ రాగీ కలిపి, నగకంటే ముందే కరిగేటట్టు చేసుకుంటారు. విరిగిన చోట వెలిగారం నీళ్ళు పూసి, ఆ పొడి పెట్టి, ఊదుగొట్టంతో దీపపు మంటను సూదిలా సాగదీసి ఊదాలి. ముందు దళసరి భాగం కాగాలి. సన్నటి భాగం మీదికి మంట సూటిగా పోకూడదు. పొడి కరిగి సందులోకి పారేటప్పుడు తళుక్కుమని ఒక మెరుపు వస్తుంది. అది కనబడగానే మంట తీసేయాలి. రెప్పపాటు ఆలస్యమైనా, మంట ఒక నూలువాసి పక్కకు జరిగినా, అతుకు సంగతి అటుంచి నగే కరిగిపోతుంది.

ఓబుళేశు భార్య రామసుబ్బమ్మ ప్రొద్దుటూరులో కంసాలి ఇంట పుట్టిన మనిషి. పెళ్ళికి ముందు తండ్రి కుంపటి పక్కన కూర్చుని పని నేర్చుకుంది. అత్తగారింటికి వచ్చాక ఊదుగొట్టం ముట్టలేదు, ముట్టమని ఎవరూ అనలేదు. ఒకరోజు భర్త ముక్కుపుడక కాడను అతకబోయి మూడోసారి కూడా కింద పడేసుకుంటే, వంటింట్లోంచి వచ్చి అతని చేతిలో ఊదుగొట్టం తీసుకుంది. ఆ రోజు నుంచి కొట్టుకూ ఇంటికీ మధ్య ఉన్న తెర వెనక ఆమెకొక కుంపటి అమరింది.

ఓబుళేశు ముందర కూర్చుని నగ తీసుకునేవాడు. "సాయంత్రం రాండి" అనేవాడు. వాళ్ళు పోగానే తెర సందులోంచి లోపలికి అందించేవాడు. సాయంత్రం వాళ్ళు వచ్చి చూసుకుని, "నీ చేతిలో ఏముండాదో గానీ ఆచారప్పా, కొత్తదాని మాదిరి చేసిస్తావు" అంటే నవ్వి ఊరుకునేవాడు. ఆ మాటలు తెర అవతలికి వినబడతాయని అతనికి తెలుసు. రామసుబ్బమ్మ ఎన్నడూ ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఆమెకేమీ లేదులే అనుకున్నాడు. పెళ్ళాం చేతి పనితో బతుకుతున్నాడని బజారులో అనుకుంటే తల ఎత్తుకోలేనని అతని భయం. ఎవరైనా వస్తే కుడిచెయ్యి తొడకింద పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

ఈస్టరు ముందు వారంలో ఒక ఉదయం ప్రసన్నకుమారి వచ్చింది. రైల్వేగేటు అవతల పేటలో ఉంటుంది. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. ఆమె భర్త జయపాల్ కూడా అక్కడే లోడింగు పని చేసేవాడు. లారీలోకి ఎక్కిస్తున్న నాపరాళ్ళు మీదపడి చనిపోయాడు. కూతురు ఆరాధన పుట్టినప్పుడు అతను కొనిచ్చిన చిన్న బంగారు సిలువ ఆమె మెడలో నల్లదారానికి ఉండేది. దాని పైనున్న కొంకి అరిగి అరిగి తెగిపోయింది. ఆమె కొంగుముడి విప్పి సిలువను బల్లమీద పెట్టింది.

"ఈడ పెట్టిపోమ్మా. సాయంత్రానికి చేసిపెడతా" అన్నాడు ఓబుళేశు.

"లేదప్పా. మా ఆయన పోయినాంక ఇది నా ఒంటిమీది నుంచి దిగలేదు. నా కండ్ల ముందరే చేసీ. కూచుంటా."

"వేరే పనులుండాయి గదమ్మా."

"ఎంతసేపైనా కూచుంటాలే. ఈ రోజు పనికి సెలవు పెట్టి వచ్చినా."

పక్కన బట్టలకొట్టు రంగస్వామి పేపరు చదువుకోవడానికి రోజూ అక్కడికే వచ్చి కూర్చుంటాడు. అతను పేపరు దించి నవ్వాడు. "రెండు ఊదులు ఊదితే అయిపోయే పనికి ఆయమ్మను సాయంత్రం దాకా తిప్పుతావేమప్పా? చేసిచ్చి పంపీ. నీకు అదొక లెక్కనా?"

తెర కొంచెం కదిలింది. రామసుబ్బమ్మ తెర వెనకే నిలబడిందని ఓబుళేశుకు తెలుసు. "మా ఇంటామె చేస్తుంది" అన్న ఒక్కమాటతో అయిపోయేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. రంగస్వామి ముఖంలో నవ్వు చూసేసరికి మింగేశాడు. చిన్న సిలువ, చిన్న కొంకి, ఇంతమాత్రం చేయలేనా అనుకున్నాడు.

బల్లకింది పాత ఊదుగొట్టం తీసి, దీపం వెలిగించి, సిలువను బొగ్గుముక్క మీద పెట్టాడు. కొత్త కొంకి వంచడం బాగానే కుదిరింది. వెలిగారం పూశాడు. పొడి పెట్టేటప్పుడు కాస్త ఒలికింది గానీ సర్దుకున్నాడు. మోచేతిని పక్కటెముకలకు అదిమిపెట్టి ఊదడం మొదలుపెట్టాడు. మంట సన్నగా, నీలంగా సాగింది. వెలిగారం పొంగి, అణిగి, అద్దంలా పరుచుకుంది. సిలువ ఎర్రబడుతోంది. ఇంకొక్క ఊదు చాలు అనుకుంటుండగానే చెయ్యి అదిరింది. మంట పోయి సిలువ కుడివైపు సన్నటి చేతిని తాకింది. అతను వెనక్కి లాగేలోపే ఆ చెయ్యి మెత్తబడి, ముడుచుకుని, ఆవగింజంత గుండుగా మారిపోయింది.

ప్రసన్నకుమారి లేచి నిలబడి వంగి చూసింది.

"ఏమప్పా, ఏమాయ?"

ఆ సిలువ ఏ బంగారమో ఓబుళేశుకు తెలుసు. కాగేటప్పుడు వచ్చిన రంగు చూస్తేనే చెప్పగలడు. మంచి బంగారం, వంక పెట్టడానికి లేనిది. రంగస్వామి మెడ సాచి చూస్తున్నాడు.

"ఇది సరైన సొత్తు కాదమ్మా" అన్నాడు ఓబుళేశు. "కల్తీది. మంచి బంగారమైతే ఇట్ల కరగదు. ఎవరో మోసం చేసినారు."

"కల్తీదా?"

"అవునమ్మా."

"ప్రొద్దుటూరు పోయి తెచ్చినా అని చెప్పినాడే. అన్నాళ్ళు ఓవర్‌టైం చేసి, దాని కోసమే అని చెప్పినాడే." ఆమె ఎవరినీ చూడకుండా అన్నది.

రంగస్వామి నాలుక చప్పరించాడు. "మొగోళ్ళు ఇంట్లో ఏం చెప్తారో, బయట ఏం చేస్తారో ఎవరికి తెలుసులేమ్మా."

ఆమె ముఖం నల్లబడింది. సిలువ ఇంకా వేడిగా ఉన్నా కొంగుతో పట్టుకుని తీసుకుంది. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "నీకు శ్రమిచ్చినా అప్పా, ఏమనుకోవద్దు" అన్నది.

మధ్యాహ్నం రామసుబ్బమ్మ అన్నం పెట్టింది. ఓబుళేశు కలుపుకుని, తినలేక కూర్చున్నాడు.

"రంగస్వామి కూచోనుండాడు గదా. నన్నేం చేయమంటావు?" అన్నాడు చివరికి.

"నన్నేం అడుగుతావు" అని ఆమె మజ్జిగ గిన్నె అతని ముందర పెట్టి లోపలికి పోయింది.

ఊరు చిన్నది. రంగస్వామి నోరు పెద్దది. జయపాల్ పెళ్ళానికి ఇత్తడి ముక్క ఇచ్చి బంగారమని నమ్మించాడనీ, ఆ ఓవర్‌టైం డబ్బు ఎటుపోయిందో దేవుడికే తెలియాలనీ టీ అంగడి దగ్గర అనుకున్నారు. ఫ్యాక్టరీలో అనుకున్నారు. ఒకరిద్దరు జయపాల్‌కు లేని అలవాట్లు కూడా అంటగట్టారు. ఆ మాటలు తిరిగి తిరిగి కొట్టుకు వచ్చేవి. ఓబుళేశు ఆకురాయి పట్టుకుని తలవంచుకునేవాడు. ఒకసారి ఎవరో, "నీవల్ల గదప్పా నిజం బయటపడింది" అన్నారు కూడా. ఆ రోజు అతను ఎండ ఉండగానే కొట్టు మూసేశాడు.

ఈస్టరు గడిచిన తరవాత శాంతయ్య వచ్చాడు. జయపాల్ తండ్రి. పేటలోని చర్చికి పెద్ద. తెల్ల పంచె, ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు బయటే విడిచి వచ్చి బల్లముందర నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆచారప్పా, మావోడు కొన్న తప్పుడు సొత్తు నీ కాడికి వచ్చినట్లాయ. పేరున్న కొట్టు నీది. నలుగురి ముందర నీకు ఇబ్బంది పెట్టినాము. మా ఇంటి తరపున మన్నించమని అడిగిపోదామని వచ్చినా."

"అదేం మాట పెద్దాయనా" అనగలిగాడు ఓబుళేశు, అంతే.

"లేదప్పా, చెప్పనీ. వాడు అబద్ధం చెప్పేవోడు కాదు. కొన్నచోట వాణ్ణే మోసం చేసినారేమో అని నేనంటాండా. నా కోడలు వినదు. ఈస్టరు నాడు పొద్దున అందురూ సమాధుల కాడికి పోయి పూలు పెట్టినారు. ఆ పిల్ల పెట్టలేదు. ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు వాని పేరు పలకదు. ఆరాధన కర్నూల్లో నర్సింగు చదువుతాంది. అది ఫోను చేసి, నాయన అట్లాటోడా తాతా అని అడిగింది. నేనేం చెప్పల్ల?"

అతను జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. "నా కోడలు మూలకు పారేసింటే తీసుకొచ్చినా. ఇత్తడైనా ఏదైనా కానీ, దీన్ని ఎట్లనో ఒకట్ల అతికియ్యప్పా. వాడు ప్రేమగా తెచ్చింది. నేనే పెట్టుకుంటా ఇంట్లో."

చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. కొట్లో మూడో మనిషి లేడు. అయినా ఓబుళేశు పొట్లం అందుకుని, "చూస్తాలే పెద్దాయనా" అన్నాడు. అందుకున్నది కుడిచేత్తో. శాంతయ్య ఆ వణుకు చూశాడు.

"జరమొచ్చినాదా అప్పా? ఒళ్ళు జాగ్రత్త" అని చెప్పి, నమస్కారం చేసి వెళ్ళిపోయాడు.

పొట్లం అట్లాగే పట్టుకుని ఓబుళేశు తెర తీసి లోపలికి పోయాడు. రామసుబ్బమ్మ కుంపటి ముందర కూర్చుని ఒక కమ్మ అతుకుతోంది. పొట్లం ఆమె పక్కన పెట్టాడు. ఆమె దానివైపు చూసింది. చేతిలో కమ్మ పని పూర్తిచేసి, పటిక నీళ్ళలో వేసి, ఊదుగొట్టం గుడ్డతో తుడిచింది. తుడిచి దాన్ని అతని ముందర పెట్టింది.

"ఇంగ నాతో కాదు" అన్నది.

"ఏంది కానిది?"

"ఇన్నాళ్ళూ నువ్వు చేసినట్లు చెప్పుకున్నావు. చెప్పుకోనీలే, ఇల్లు గడుస్తాంది అనుకున్నా. ఆ ముసలాయన నీకు మొక్కి పోయినాడు చూడు, అది నేను ఇన్నా. చచ్చిపోయినోడు వచ్చి నేను దొంగ కాదని చెప్పుకోలేడు గదా. దీన్ని నేను అతికి, నువ్వు తీసుకపోయి ఇచ్చి, ఆ మొక్కు ఇంకొకసారి తీసుకుంటావా? నా చేత్తో ఆ పని చేయను. ఏ పనీ చేయను, నువ్వు పోయి చెప్పొచ్చేదాకా."

ఆమె గొంతు పెంచలేదు. సిగ్గుతో ఓబుళేశు ఆమె ముఖం చూడలేకపోయాడు. "రంగస్వామి ముందర..." అన్నాడు.

"రంగస్వామి ముందర పోయిందేందో నాకు తెలీదు. ఆ పిల్ల ముందర పోయింది మాత్రం శానా ఉండాది."

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన పూర్తయ్యే వేళకు అతను పేటకు పోయాడు. ఇన్నేళ్ళ బతుకులో రైల్వేగేటు దాటి ఆ వీధిలోకి పోయింది లేదు. చర్చి ముందర నాపరాళ్ళు పరిచిన చిన్న ఆవరణ. లోపల చివరి పాట అవుతోంది. అతను బయట వేపచెట్టు కింద నిలబడి, వెనక్కి పోదామా అని చాలాసార్లు అనుకున్నాడు. జనం బయటికి రావడం మొదలైంది. శాంతయ్య అతన్ని చూసి గబగబా వచ్చాడు.

"నువ్వే రావల్లనా అప్పా, కబురు పెట్టింటే నేనే వచ్చేటోణ్ణి" అని చెయ్యి పట్టుకోబోయాడు. ఓబుళేశు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నీ కోడలిని పిలువు పెద్దాయనా. అందరూ ఉండంగనే చెప్పల్ల."

ప్రసన్నకుమారి ఆడవాళ్ళ మధ్య నిలబడి ఉంది. మెడ ఖాళీగా ఉంది. అతన్ని చూసి కదల్లేదు. జనమే కొంచెం పక్కకు తప్పుకున్నారు.

ఓబుళేశు దారిలో అనుకున్న మాటలన్నీ మరిచిపోయాడు. "అమ్మా, నీ సిలువ మంచి బంగారం" అన్నాడు. "కల్తీ లేదు. మీ ఆయన నీకు అబద్ధం చెప్పలేదు. నేనే చెప్పినా."

ఎవరో "ఏమంటాండాడు?" అన్నారు.

"నా చేతనే కరిగిపోయింది. నాకు చెయ్యి వణుకుతాది. చూడండి." కుడిచెయ్యి ముందుకు చాచాడు. అది పట్టపగలు, అంతమంది ముందర, గాలికి ఆకు ఊగినట్టు ఊగింది. ఇన్నేళ్ళు దాచిన చెయ్యి. "మంట తప్పి సిలువ మీదికి పోయింది. అది చెప్పుకోలేక తప్పు నీ సొత్తు మీద వేసినా. శానా రోజులుగా నా కొట్లో మాటు వేసేది నేను కాదు. మా ఇంటామె, రామసుబ్బమ్మ. అది చెప్పేదానికి సిగ్గుపడినా. ఆ సిగ్గుకు నీ మొగుణ్ణి దొంగను చేసినా."

శాంతయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడో, ప్రార్థన చేస్తున్నాడో తెలియలేదు. గుంపులోంచి ఒక పడుచువాడు తిడుతూ ముందుకు వస్తే పెద్దవాళ్ళు పట్టుకున్నారు. ఓబుళేశు కొడితే కొట్టించుకుందామని నిలబడ్డాడు. అట్లా అయితే కొంచెం తేలికయ్యేది. ఎవరూ కొట్టలేదు.

ప్రసన్నకుమారి దగ్గరికి వచ్చింది.

"నువ్వు ఆ మాట చెప్పిన రోజు ఇంటికి పోలేదప్పా నేను. తిన్నగా మా ఆయన సమాధి కాడికి పోయినా. నోటికొచ్చిందల్లా తిట్టినా. నీ బిడ్డను ఎట్ల సాకుతాండానో చూడు, నాకు ఇత్తడి ముక్క ఇచ్చి పోయినావు అని మన్నెత్తి పోసినా దాని మీద. ఆ తిట్లు ఎట్ల ఎనక్కి తీసుకోవల్ల? చెప్పు. నీకు తెలిస్తే చెప్పు."

"మన్నించమ్మా" అన్నాడు ఓబుళేశు.

"అయ్యగారు చెప్తాడు మన్నించల్లని. ఇప్పుడే లోపల చెప్పినాడు. నాకు ఈ రోజు చేతకాదు." ఆమె చెయ్యి చాచింది. అతను జేబులోంచి పొట్లం తీసి ఇచ్చాడు. విప్పి చూసుకుని మళ్ళీ మూసింది. "మీ ఇంటామె చేస్తాదా?"

"చేస్తాది."

"అట్లయితే ఆయమ్మ కాడికే వస్తా. నువ్వు ముట్టుకోవద్దు."

మరునాడు పొద్దున రామసుబ్బమ్మ తెర తీసి మడిచి లోపల పెట్టింది. కుంపటి తెచ్చి కొట్లో ముందర, రోడ్డుకు కనబడేటట్టు పెట్టుకుంది. చీరకొంగు నడుముకు దోపుకుని, ఓబుళేశు కూర్చునే చోట కూర్చుంది. ఎప్పటి మాదిరే పేపరుకని వచ్చిన రంగస్వామి గడపలోనే ఆగిపోయాడు.

"ఇదేందప్పా కొత్తగా?"

"కొత్తది కాదు" అన్నాడు ఓబుళేశు. "ఎప్పటి నుంచో ఆమే చేస్తాంది. ఆ సిలువ మంచి బంగారం. నేను నీ ముందర అబద్ధమాడినా. ఊరంతా చెప్పినావు గదా, ఇదిగూడా పోయి చెప్పు."

రంగస్వామి పేపరు తీసుకోకుండానే తన కొట్టుకు పోయాడు.

ప్రసన్నకుమారి వచ్చినప్పుడు ఓబుళేశు లేచి బయట అరుగు మీదికి పోయాడు. రోడ్డు మీద బండల లారీలు పోతున్నాయి. లోపలి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"సిలువకు ఈ చెయ్యి పూర్తిగా పోయింది తల్లీ. దీన్ని కోసేసి కొత్తది పెట్టల్ల. మా బంగారమే పెడతా. రంగు రవ్వంత తేడా వస్తాది. దాయను, ముందే చెప్తాండా."

"తేడా వస్తే రానీ అక్కా."

"దగ్గరికి జరిగి చూడు. ఇది వెలిగారం. ఇది అతికే పొడి. ముందు ఈ లావు భాగం కాగల్ల. ఇప్పుడు మాట్లాడొద్దు."

ఊదుగొట్టం నుంచి మంట సాగే సన్నటి శబ్దం వినబడింది. ఆ శబ్దం ఒకే తీరుగా, ఎక్కడా తెగకుండా ఉంది. ఓబుళేశు తల తిప్పి చూడలేదు. కాసేపటికి ప్రసన్నకుమారి గొంతు, "అబ్బా, మెరిసింది" అన్నది. రామసుబ్బమ్మ నవ్వింది. తన కొట్లో ఆమె నవ్వు వినడం అతనికి అదే మొదలు.

ప్రసన్నకుమారి సిలువను మెడకు కట్టుకుని బయటికి వచ్చింది. మెట్లు దిగి అతని పక్కనుంచే పోయింది. పలకరించలేదు. అతనూ తల ఎత్తలేదు.

ఆ వేసవిలో కొందరు గిరాకీలు రావడం మానేశారు. అబద్ధమాడే చోట బంగారం పెట్టేది లేదన్నారు. వచ్చేవాళ్ళు మాత్రం రామసుబ్బమ్మ ముందర కూర్చుని, పని అయ్యేదాకా ఆమెతో కబుర్లు చెప్పేవాళ్ళు. ఓబుళేశు పక్కన కూర్చుని తూకాలు వేసేవాడు, కొంకులు వంచేవాడు. ఎవరైనా అతని చేతివైపు చూస్తే ముఖం వేడెక్కేది. అయినా చెయ్యి బల్లమీదే ఉంచేవాడు. శాంతయ్య ఒకసారి రోడ్డుమీద కనబడి, ఆరాధన సెలవులకు వచ్చిందనీ, తల్లీ కూతుళ్ళు కలిసి జయపాల్ సమాధి కాడికి పోయి శానాసేపు కూచోని వచ్చినారనీ చెప్పాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో అతనికీ తెలియదు. ఓబుళేశు అడగలేదు.

ఒక సాయంత్రం కొట్టు మూసేటప్పుడు రామసుబ్బమ్మ అతికిన గొలుసును వెలుగుకు పట్టి చూశాడు. అతుకు కనబడలేదు.

"బాగా కుదిరింది" అన్నాడు. భార్య పనిని అతను నోరు తెరిచి మెచ్చుకోవడం అదే మొదటిసారి.

రామసుబ్బమ్మ ఊదుగొట్టం తుడుస్తూ, "ముందు చేసినవి గూడా బాగానే కుదిరినాయి" అన్నది.

అతను గొలుసును మెల్లగా బల్లమీద పెట్టాడు. ఇంకొక మాట అనాలని ఉంది. ఏమనాలో తోచక, కుంపట్లో బూడిద ఎత్తి పారబోయడానికి తట్ట తీసుకుని బయటికి పోయాడు.